ఇదిగోబాబుకి అక్క సాక్ష్యం

పళ్ళ సెట్లు తయారుచేసే ఆ ల్యాబులో అతణ్ణి అందరూ ఇదిగోబాబు అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, జీతం వేసే రోజున తప్ప దానితో ఎవరికీ పనిపడదు. ఏది అడిగినా "ఇదిగో, అయిపోయింది" అంటాడు. అలా అన్నాడంటే ఆ పని ఇంకా మొదలుకాలేదని ల్యాబులో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. "ఇదిగో ఇదిగో" అని రెండుసార్లు అన్నాడంటే, అసలు అలాంటి పనొకటి ఉందని అప్పుడే గుర్తొచ్చిందన్నమాట.

పని రానివాడా అంటే కాదు. ఎవరైనా ముసలావిడ పాత ఫొటో తెచ్చి, "నాయనా, వయసులో నా ముందు పళ్ళ మధ్య చిన్న సందు ఉండేది, అదే కావాలి" అంటే ఆ పని ఇదిగోబాబుకే వెళ్తుంది. మైనం వేడిచేసుకుని, చిన్న కత్తి పట్టుకుని కూర్చున్నాడంటే ఇక ఫోను మోగినా వినపడదు, ఆకలేసినా తెలియదు. ఆ సందు ఫొటోలో ఉన్నట్టే వస్తుంది. తీరా సెట్టు తయారయ్యాక దాన్ని డబ్బాలో పెట్టి, పైన చీటీ అంటించి పంపించాలి చూడండి, అక్కడ వస్తుంది చిక్కంతా.

ఒకరోజు అతని బల్లమీద రెండు సెట్లున్నాయి. ఒకటి రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారిది, రెండోది కుస్తీ నేర్పే మాస్టారిది. చీటీలు తారుమారయ్యాయి. హెడ్‌మిస్ట్రెస్ గారు ఆ కుస్తీ పళ్ళు నోట్లో ఎలాగో ఇరికించుకుని, అవి ఊడిరాక, అలాగే ల్యాబు యజమానికి ఫోన్ చేసింది.

"ఆవిడ ఏం తిట్టిందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు," అన్నాడు యజమాని. "అర్థం కాకపోయినా చెవులు మండిపోయాయి. నీకేదో ఉందయ్యా బాబూ. వెళ్ళి ఎక్కడైనా చూపించుకో."

అది తిట్టే. ఇంకొకడైతే ముఖం మాడ్చుకునేవాడు. ఇదిగోబాబు మాత్రం ఇంటికెళ్తూ దారంతా ఆ మాటనే చప్పరించాడు. నిజంగా ఏదో ఉంటే? దానికొక పేరంటూ ఉంటే? నలభై దాటిన మనిషికి జబ్బు ఉంటే బాగుండునన్న ఆశ పుట్టిందంటే కారణం ఉండాలి. కారణం వాళ్ళక్క.

అక్క అతనికంటే బాగా పెద్దది. అమ్మ ఫ్యాక్టరీ పనికి వెళ్ళేది కాబట్టి తమ్ముణ్ణి పెంచినదంతా ఆవిడే. ఇప్పుడు బస్సు డిపోలో ఉద్యోగం. ఏ డ్రైవరు ఏ బస్సు ఎప్పుడు తీయాలో డ్యూటీ చార్టు వేసేది ఆవిడే. దేవుడు ఆ ఇంటికి ఇవ్వాల్సిన టైము తెలివినంతా అక్కకే పోసేసి, తమ్ముడి దగ్గరికొచ్చేసరికి ఖాళీ గిన్నె దులిపాడని బావ అంటుంటాడు. బావ దూరాలు వెళ్ళే బస్సు డ్రైవరు. సొంత మొగుడైనా సరే, ఆవిడ చార్టు మార్చదు.

అందుకే ఆ మధ్య అక్కకి కంటి ఆపరేషన్ జరిగిన రోజున బావ ఊళ్ళో లేడు. "సాయంత్రం వదిలేస్తారట, నువ్వొచ్చి తీసుకెళ్ళరా" అని తమ్ముడికి చెప్పింది. "ఇదిగో, వచ్చేస్తా" అన్నాడు తమ్ముడు. అన్నప్పుడు నిజంగానే అన్నాడు. ఆ మధ్యాహ్నం ఒక ముసలావిడ పన్ను అంచున చిన్న విరుపు చెక్కుతూ కూర్చున్నాడు. తల ఎత్తేసరికి ల్యాబులో దీపాలు వెలిగి ఉన్నాయి. పరుగెత్తుకుంటూ ఆసుపత్రికి వెళ్తే మెట్లమీద ఎవరూ లేరు. కంటికి కట్టుతో ఒకావిడ చాలాసేపు అక్కడే కూర్చుందనీ, తమ్ముడొస్తాడని చెబుతూ ఎవరు పిలిచినా లోపలికి రాలేదనీ, చివరికి తనే టాక్సీ ఎక్కించాననీ వాచ్‌మన్ చెప్పాడు.

ఇదిగోబాబు అక్క ఇంటికి వెళ్ళి, తలుపు దగ్గర నిలబడి, "ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయానక్కా" అన్నాడు.

మర్చిపోయానని చెప్పడానికి నోరు రాలేదు. చూపు సరిగా లేని అక్కని మర్చిపోయానంటే, నువ్వు నాకు లెక్కలోకే రావని ముఖంమీద చెప్పినట్టే కదా. అక్క కట్టులేని కంటితో అతణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. ఆ ఒక్క కన్నూ చాలు. తలుపు వేసేసింది. అప్పట్నుంచి మాటల్లేవు.

కాబట్టి ఇదిగోబాబుకి కావలసింది మందులూ మాత్రలూ కాదు. నిన్ను లెక్కచేయక కాదక్కా, నా బుర్రే ఇంత అని చెప్పుకోవడానికి ఒక పెద్ద మనిషి మాట కావాలి. తన మాట ఎలాగూ చెల్లదు. ఏళ్ళ తరబడి "ఇదిగో" అన్నవాడి మాటకి విలువేముంటుంది?

వీధి చివర డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఫోన్లో చదివిన, శ్రద్ధని ఒకచోట నిలవనివ్వని, నాలుగు ఇంగ్లీషక్షరాల జబ్బు పేరు చెప్పాడు. ఏడీహెచ్‌డీ.

"చదువుకున్నారా?" అన్నాడు డాక్టరు.

"ఏదో, గట్టెక్కాను."

"ఉద్యోగం ఉందా?"

"ఈరోజు వరకూ ఉందండీ."

"మరింకేం? అది చిన్నపిల్లలకి వచ్చేదండీ. మీకు రావడానికి ఆలస్యమైపోయింది. ఫోను తగ్గించండి, పెందరాళే పడుకోండి."

ఆఖరికి జబ్బు దగ్గర కూడా ఆలస్యమేనా అనుకుంటూ బయటికొచ్చాడు ఇదిగోబాబు. గొడుగు అక్కడే వదిలేసి వచ్చాడు. దానికోసం వెనక్కి వెళ్తే ఆ డాక్టరు నమ్ముతాడేమోనన్న ఆశ ఒక క్షణం మెరిసింది గానీ, డాక్టరు గొడుగు చేతికిచ్చి "జాగ్రత్త" అన్నాడంతే.

అక్కకి కంటి ఆపరేషన్ జరిగిన పెద్దాసుపత్రిలోనే, పెద్దవాళ్ళకి ఈ జబ్బు చూసే డాక్టరు ఒక్కరే ఉన్నారు. కిటికీ దగ్గర కూర్చునే గుమాస్తా, నెలల తర్వాతి తేదీ ఒకటి ఇచ్చింది. ఇదిగోబాబు ఆ తేదీని వంటింట్లో రాసి పెట్టుకున్నాడు, ఫోన్లో గంట పెట్టుకున్నాడు, ల్యాబులో పక్కబల్ల వాడికి చెప్పి ఉంచాడు. ఇంత చేసి, ఠంచనుగా తలదువ్వుకుని, సరిగ్గా వారం ముందు వెళ్ళాడు. గుమాస్తా నవ్వింది. ఇంకా వారం ఉందనేసరికి ప్రాణం ఎంత తేలికపడిందంటే, అసలు రోజున మైనం ముందు హాయిగా కూర్చుండిపోయాడు. గంట మోగే ఉంటుంది. ఫోను కోటు జేబులో ఉంది, కోటు ఇంట్లో ఉంది, పక్కబల్ల వాడు సెలవులో ఉన్నాడు.

"రాకపోతే మళ్ళీ వరస మొదటినుంచే," అంది గుమాస్తా మర్నాడు.

"అమ్మా, ఇలా రాకపోవడమే నా జబ్బు."

"అది జబ్బని డాక్టరుగారు చెప్పాలి గానీ మీరు చెబితే ఎలా?"

"మరి డాక్టరుగారు చెప్పాలంటే?"

"మీరు రావాలి."

ఈ ఏర్పాటు చేసినవాళ్ళు చాలా తెలివైనవాళ్ళయినా అయ్యుండాలి, లేకపోతే వాళ్ళకీ ఇదే జబ్బు ఉండుండాలి.

ఈసారి కొత్త తేదీతో పాటు, ముందే నింపి తెమ్మని ప్రశ్నల కాగితం కూడా చేతికిచ్చారు. మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తారా అన్న ప్రశ్న దాకా నింపి, మధ్యలో వదిలేశాడు. తర్వాత ఆ కాగితం కనబడలేదు. వెతికి వెతికి తల ప్రాణం తోకకొచ్చాక ల్యాబులో బయటపడింది. ఎవరిదో కింది దవడ అచ్చు పోసినప్పుడు ప్లాస్టర్ కిందికి చేరి, గట్టిపడి అంటుకుపోయి ఉంది. ఊడదీస్తే సగం చిరిగింది. మిగిలిన సగంమీద తెల్లగా, గుండ్రంగా, ఒక్క పన్నూ లేని చిగుళ్ళ ముద్ర.

ఈసారి తేదీ తప్పిపోలేదు. పక్కబల్ల వాడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆసుపత్రి గేటు లోపలికి నెట్టి మరీ వెళ్ళాడు. డాక్టరు పెద్దావిడ. కళ్ళజోడు తలమీద ఉంది, ముఖంలో పొద్దున్నుంచీ జనం చెప్పుకున్న కష్టాల అలసట ఉంది. కాగితంమీది దవడని చూసింది, అతణ్ణి చూసింది.

అతను చెప్పినదంతా విని, "ఒక పన్ను ముందు గంటల తరబడి కూర్చుంటానంటున్నారు. శ్రద్ధ లేనివాళ్ళు అలా కూర్చోగలరా?" అంది.

"శ్రద్ధ ఉందండీ. నా మాట వినదు, అంతే. పిల్లి లాంటిది. పిలిస్తే రాదు. తనంతట తాను ఒళ్ళో కూర్చుందంటే దింపడం నా వల్ల కాదు."

ఆవిడ పెదవి చివర కొంచెం కదిలింది. "మీరు చెబుతున్నది బాగానే ఉంది. కానీ ఇది చిన్నప్పట్నుంచీ ఉండాలి. నిన్న మొన్న మొదలైతే అది వేరే సంగతి, చూసే పద్ధతీ వేరే. బాగా చిన్నప్పుడు మిమ్మల్ని దగ్గరుండి చూసినవాళ్ళని ఒకళ్ళని తీసుకురండి. అమ్మగారు?"

"పోయిందండీ."

"నాన్నగారు?"

"ఆయన ఇంట్లో ఉన్నా మమ్మల్ని చూసినట్టు గుర్తులేదు."

"ఇంకెవరూ లేరా?"

ఉంది. ఉన్నది ఒక్కతే. ఆ ఒక్కదానికి చెప్పుకోవడానికే కదా ఈ తిప్పలన్నీ.

ఆదివారం అక్క ఇంటికి వెళ్ళాడు. బావ తలుపు తీశాడు. అక్క హాల్లో కూర్చుని డ్యూటీ చార్టు దిద్దుకుంటోంది. తల ఎత్తలేదు.

"బావా, అక్కతో ఒక పనుండి వచ్చాను," అన్నాడు.

"ఏమేవ్, మీ తమ్ముడికి నీతో పనుందట," అన్నాడు బావ, మూడడుగుల దూరంలో ఉన్న భార్యతో.

"ఏం పనో కనుక్కోండి."

"ఏం పనోయ్?"

ఇదిగోబాబు అంతా చెప్పాడు. కుస్తీ పళ్ళ దగ్గర్నుంచి పెద్దాసుపత్రి డాక్టరు దాకా. బావ ఒక్కొక్క ముక్కా భార్యకి మళ్ళీ వినిపించబోయి, దవడ ముద్ర దగ్గరికొచ్చేసరికి నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నాడు. అక్క పెన్ను ఆగింది.

"చిన్నప్పుడు వీడు ఎలాంటివాడో ఆ డాక్టరుకి చెప్పాలా?" అంది, బావతోనే.

"అవునక్కా."

"ఉన్నదున్నట్టా?"

"ఉన్నదున్నట్టే."

"తిట్టొచ్చా?"

"తిట్టకుండా చెప్పడం కుదరదేమో అక్కా."

అక్క పెన్నుకి మూత పెట్టింది. "ఎంతసేపిస్తారట ఆవిడ? కనుక్కోమనండి," అంది.

అలా అక్క వచ్చింది. వెళ్ళాల్సిన రోజున పొద్దున్నే అతని గది ముందుకి వచ్చి, ఒక్క మాటైనా మాట్లాడకుండా, మేకని తోలుకెళ్ళినట్టు ముందు నడిపించుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు ముందు కుర్చీలో కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పండమ్మా, మీ తమ్ముడు చిన్నప్పుడు ఎలా ఉండేవారు?"

ఏడాదికి పైగా బిగబట్టిన నోరది. కట్ట తెగింది.

"పాలకి పంపిస్తే పాలగిన్నెలో కుక్కపిల్లని పెట్టుకొచ్చాడమ్మా. పాలేవిరా అంటే ఏ పాలు అన్నాడు. ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు వేసుకుని బడికెళ్ళాడు, సాయంత్రం దాకా చూసుకోలేదు. పెన్సిలు రోజుకొకటి పారేస్తుంటే దారం కట్టి చొక్కా బొత్తానికి వేలాడదీశాను. చొక్కా పారేసుకొచ్చాడు. చొక్కా ఎలా పోతుందమ్మా ఒంటిమీద నుంచి? పరీక్షలో సగం రాసి, కాపలాకొచ్చిన మాస్టారి మీసం బాగుందని కాగితం వెనకవైపు దాన్నే బొమ్మ వేశాడు. అంత వేసినవాడు ప్రశ్నల కాగితం రెండో పేజీ తిప్పొద్దూ? వీడికి బడి సంచి సర్దింది నేను. అన్నం తిన్నావా లేదా అని గుర్తుచేసింది నేను. ఒళ్ళు పొగరనేవాడు మా నాన్న. బద్ధకం అనేది మా అమ్మ. నేను మాత్రం..."

ఇదిగోబాబు కళ్ళప్పగించి వింటున్నాడు. ఇన్ని తిట్లు తిన్న రోజు లేదు, ఇంత ఆనందించిన రోజూ లేదు. అక్క గొంతు పెరిగేకొద్దీ డాక్టరు పెన్ను జోరందుకుంటోంది. ఇంకా తిట్టక్కా, ఆ సైకిలు సంగతి కూడా చెప్పు అని లోపల్లోపల ఎగదోస్తున్నాడు. ఆ ఉత్సాహంలో అతని కుడికాలు ఎప్పటిలాగే బల్లకింద టకటకా ఊగడం మొదలుపెట్టింది.

డాక్టరు పెన్ను ఆగింది. ఆవిడ కిందికి చూస్తోంది.

"అమ్మా, ఒక్క నిమిషం. అది ఎప్పట్నుంచి?"

"ఏదమ్మా?" అంది అక్క.

"మీ కాలు."

ముగ్గురూ కిందికి చూశారు. అక్క ఎడమపాదం చెప్పు వదిలి వచ్చి, తమ్ముడి కుడిపాదంమీద నొక్కిపెట్టి ఉంది. అతని కాలు ఊగడం మానేసి ఉంది. తిడుతూ తిడుతూనే పెట్టింది. పెట్టినట్టు ఆవిడకే తెలియదు.

అక్క ఉలిక్కిపడి కాలు తీసేసింది. తమ్ముడి కాలు మళ్ళీ ఊగింది.

"చదువుకునేటప్పుడు బల్లంతా కదిలించేసేవాడు," అంది అక్క, గొంతు తగ్గించి. "దీపం కూడా ఊగేది. ఇలా తొక్కిపెట్టి కూర్చుంటే నాలుగు ముక్కలు చదివేవాడు. నేనూ అలాగే చదువుకున్నాను."

"ఎన్నాళ్ళు?"

"నాకు పెళ్ళయ్యేదాకా."

డాక్టరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. ఇంకొన్ని ప్రశ్నలడిగింది, అతణ్ణి కొన్ని, అక్కని కొన్ని. చివరికి, "ఉందండీ. చిన్నప్పట్నుంచీ ఉంది. ఇన్నాళ్ళూ ఎవరికీ కనబడకపోవడానికి కారణం కూడా ఇక్కడే కూర్చుని ఉంది," అంది.

"అంటే తప్పు నాదంటారా?" అక్క సంచి గట్టిగా పట్టుకుంది.

"తప్పు కాదమ్మా. ఆయన పడిపోకుండా మీరు పట్టుకున్నారు. పడలేదు కాబట్టి ఎవరూ చూడలేదు. అంతే."

అక్క కొంగుతో కన్ను తుడుచుకుంది. అది ఆపరేషన్ అయిన కన్ను.

మందుల చీటీ అక్కే తీసుకుని తన సంచిలో పెట్టుకుంది. ఇద్దరూ బయటికొచ్చారు. ఆ మెట్లే. ఇదిగోబాబు ఇన్ని నెలలుగా ఈ ఘట్టం కోసం మాటలు కూర్చి పెట్టుకున్నాడు. చూశావా అక్కా, పెద్ద డాక్టరే చెప్పింది, ఇది బుర్ర పనితీరు, ప్రేమకీ దీనికీ సంబంధం లేదు, అని గుక్కతిప్పుకోకుండా చెప్పాలనుకున్నాడు. అద్భుతమైన ఉపన్యాసం. మొదటి మెట్టు దిగేసరికి అందులో ఒక్క ముక్క కూడా గుర్తులేదు.

"చూశావా అక్కా, ఆవిడేమందో..." అని మొదలుపెట్టాడు.

"విన్నాను," అంది అక్క. బావ లేకపోవడం వల్ల నేరుగా అతనితోనే అంది. "పేరు దొరికింది. సంతోషం. కానీ ఆ రోజు ఇదే మెట్టుమీద కూర్చున్నది నేనురా. వచ్చే ప్రతి బండినీ ఒంటికంటితో చూస్తూ కూర్చున్నాను. నీకేదో అయిందేమోనని హడలిపోయాను. ఇంటికొచ్చి ఏమన్నావు? ట్రాఫిక్ అన్నావు."

ఇదిగోబాబు మెట్టుమీద కూలబడ్డాడు. ఎన్ని పరీక్షలు చేసినా ఆ డాక్టరు అడగని ప్రశ్న ఇది. దీనికి నాలుగక్షరాల జవాబు సరిపోదు.

"మర్చిపోయానక్కా," అన్నాడు. "నిన్ను మర్చిపోయాను. పన్ను చెక్కుతూ కూర్చుని నిన్ను మర్చిపోయాను. అది చెప్పడానికి సిగ్గేసి అబద్ధమాడాను. తప్పయిపోయింది."

మెట్లు దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు తప్పుకుని వెళ్తున్నారు. అక్క కాసేపు నిలబడే ఉంది. తర్వాత చెయ్యి మోకాలిమీద ఆనించుకుని పక్కన కూర్చుంది.

"నువ్వు మర్చిపోయావని నాకు ఆ రోజే తెలుసురా. నీ చొక్కానిండా మైనం ఉంది," అంది. "మర్చిపోవడం నాకు కొత్తా? పాలు మర్చిపోయినవాడివి, చొక్కా మర్చిపోయినవాడివి, నన్నెందుకు మర్చిపోవు? అబద్ధం కొత్త. చిన్నప్పుడు నాతో ఎప్పుడూ ఆడలేదు. కుక్కపిల్లని కూడా తిన్నగా తెచ్చి నా చేతిలోనే పెట్టావు."

ఇదిగోబాబు కాలు మళ్ళీ ఊగుతోంది. ఈసారి అక్క చూసి, తెలిసే, పాదం పెట్టింది.

"వచ్చే నెల రెండో కంటికి ఆపరేషన్," అంది కొంతసేపటికి.

"నేనొస్తానక్కా. ఇదిగో..." అనబోయి నాలుక కరుచుకున్నాడు. "బావని కూడా ఉండమని చెప్పు."

"బావకి ఆ రోజు డ్యూటీ ఉంది."

"చార్టు వేసేది నువ్వే కదక్కా!"

"అందుకనే మార్చను," అంది అక్క. సంచి భుజాన వేసుకుని లేచి, లేవడానికి అతనికి చెయ్యి అందించింది. "ముందురోజే వచ్చి మా ఇంట్లో పడుకో. నన్ను ఇంటికి తీసుకురావడానికి పొద్దున్నే నిన్ను లేపి నేనే తీసుకెళ్తాను."